నాలుగు నిమిషాల తప్పు

బోహిన్ సరస్సు మీద పొగమంచు ఇంకా లేవలేదు.
దుకాణం షట్టర్ సగమే ఎత్తాను.
ఆ సగంలోంచే వంగి లోపలికొచ్చింది నేజా,
కౌంటర్ మీద పెట్టింది చచ్చిన గడియారాన్ని.
పట్టీ మీద నిన్నటి చెమట ఉప్పై ఉంది.

"తొమ్మిది కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు.
అది అక్కడే ఆగిపోయింది.
నేను ఆగలేదు."

కోమ్నా పైన, కాలిబాట రెండుగా చీలే చోట,
తెర మీద ఒక తెల్లటి సున్నా
తిరుగుతూనే ఉందట, తిరుగుతూనే.
పదకొండేళ్లుగా కొండ మీద తప్పిపోయినవాళ్లను వెతికే మనిషి
తన బూటు చప్పుడు విని దారి పట్టింది:
గులకరాళ్లు నలిగితే సరే,
గడ్డి మెత్తబడితే వెనక్కి.

నేను నవ్వకూడదు. అమ్మింది నేనే.
సొరుగులో నాకో చిట్టా ఉంది,
తిరిగొచ్చిన ప్రతిదాని జబ్బూ రాసుకుంటాను.
రొట్టె కొనడానికి వరుసలో నిలబడితే
నిమిషానికి రెండువందల పన్నెండుసార్లు కొట్టుకున్న గుండె.
నిద్రపోతున్న లెక్కల మాస్టారిని
సరస్సు అవతలి గట్టుకు ఈదించిన రాత్రి.
శుక్రవారం అప్‌డేట్ తర్వాత
ఉదయించక ముందే అస్తమించిన సూర్యుడు.
ఒకావిడతో అంటుందట, బాగా విశ్రాంతి తీసుకున్నావని.
జ్వరం పిల్లాణ్ణి భుజాన వేసుకుని
ఆమె తెల్లవార్లూ వరండాలో తిరిగింది.

రెండు పెట్టెలు తెరిచాను.
ఎడమదానిలో ప్రతి శిఖరానికీ పేరు, రంగుల పటం, పాటలు.
వారం వారం అప్‌డేట్:
పాడైంది ఒకటి బాగవుతుంది,
బాగున్నది ఒకటి పాడవుతుంది.
కుడిదానిది బూడిదరంగు మొహం.
మూడేళ్లుగా కొత్తగా ఏమీ నేర్చుకోలేదు.
చేతి తొడుగులతో కూడా నొక్కగలిగే ఐదు బటన్లు.
నా చిట్టాలో దాని పేజీకి నాలుగే లైన్లు.

"నాలుగేనా? మంచిదనా,
ఎవరూ కొనరనా?"

త్రాసు నా దగ్గరుంది గానీ
ఆ ప్రశ్నను తూచే రాళ్లు లేవు.

బ్యాటరీల కోసమొచ్చిన లోయ్‌జె తాత
మధ్యలో తల దూర్చాడు.
నలభై ఏళ్లు ఆ కొండలకు ఉత్తరాలు మోసినవాడు,
తన మణికట్టు చూపించాడు, గీతలు పడ్డ గాజు.
"రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది.
పొద్దున్నే కీ ఇచ్చి కలిపేసుకుంటాను.
ఏనాడూ ఐదు కాలేదు.
తప్పే, కాదనను.
కానీ ఎప్పుడూ అదే తప్పు.
దాంతో కాపురం చేయొచ్చు."

నేజా మాట్లాడలేదు కాసేపు.
తర్వాత నాతో కాదు, ఆ రంగుల పటంతో అన్నట్టు అంది:
"పైన మంచులో కాలు విరిగినవాడు పడుంటాడు.
రేడియోలో నేను అంకెలు చదవాలి.
పైలట్ నా నోటిని నమ్ముతాడు.
నా నోరు దీన్ని నమ్ముతుంది."

బూడిదరంగుది తీసుకుంది.
తలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి,
ఒక కాగితం పటమూ, పెన్సిలూ కూడా.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది.
"ఐదో లైను రాసుకో.
గడ్డకట్టే చలిలో బ్యాటరీ నలభై నుంచి
ఉన్నట్టుండి తొమ్మిదికి పడిపోతుంది.
చేతిలో వెచ్చబెడితే మళ్లీ నలభై."
"ప్రతిసారీనా?"
"ప్రతిసారీ. సరిగ్గా నలభై దగ్గరే."
డబ్బు వాపసిస్తానన్నాను.
ఎందుకన్నట్టు చూసింది.
"తెలిసిపోయింది కదా ఇక."

చిట్టా తీశాను. ఆ పేజీలో
'జబ్బు' అన్న మాట కొట్టేసి
'అలవాటు' అని రాశాను.

ఆమె వదిలేసిపోయిన పాతది
మొన్న మంగళవారం సొరుగులో
తనంతట తానే లేచి కూర్చుంది.
ఒక్క అడుగూ వేయని నన్ను
పరుగు పూర్తిచేసినందుకు అభినందించింది.