ఏడు ముక్కలు తక్కువ

ఆబిడ్స్‌లో ఆదివారం, మూసిన షట్టర్ల ముందు,
పాత ఎంసెట్ గైడ్లకీ తుప్పు పట్టిన స్టెతస్కోపుకీ మధ్య
దొరికిందీ అట్టపెట్టె. ఎనభై రూపాయలు.
మూత మీద పిట్టలు, ఏ తెల్లదొర ఆల్బమ్‌లోంచో,
టీ మరక రంగు కాగితం మీద,
కాళ్ళ కింద వంకర అక్షరాల్లో లాటిన్ పేర్లు.
"ఐదొందల ముక్కలు మేడం, గ్యారంటీ" అన్నాడు కుర్రాడు.
ఇంటికొచ్చి లెక్కపెడితే నాలుగొందల తొంభై మూడు.
పర్లేదు. నేను మాటలు నేర్పే వాళ్ళెవరి దగ్గరా
అన్ని ముక్కలూ ఉండవు.

మంగళ, శుక్రవారాలు వారాసిగూడ.
మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు.
బుచ్చిలింగం గారు, ముప్పై ఒక్కేళ్ళు సిటీ బస్సు కండక్టరు.
గొంతుకేమీ కాలేదు, నాలుకకీ కాలేదు.
తలలో ఎడం పక్క చిన్న నెత్తుటి గడ్డ,
మాటలున్న అరను బోర్లించి పోయింది.
నీళ్ళు కావాలంటే "నాంపల్లి" అంటారు.
కోపమొస్తే "కోఠి, కోఠి, కోఠి."
"సీతాఫల్‌మండి అంటే సలి పెడుతున్నట్టమ్మా,
ఫ్యాను బంద్ చెయ్యాలె," అని చెప్పింది అనసూయమ్మ.
ఆమెకిప్పుడు రూట్లన్నీ కంఠతా వచ్చు.

క్యారమ్ బోర్డు బోర్లా వేసి దాని మీద పరిచాం.
ముందు అంచులు.
కుడిచెయ్యి ఒళ్ళో నిద్రపోతుంటే
ఎడమచేత్తో ఏరుతారు, చిల్లర ఏరినట్టు,
బొటనవేలితో తోసి, చూడకుండానే.
ఇదేం పిట్ట, అని అడుగుతాను.
పొడుగు ముక్కు, నీలం వీపు.
"మెహిదీపట్నం."
ల... అని అందిస్తాను. లకు...
"లకు... లక్డీకాపూల్," అని
తన మాటకి తనే నవ్వుతారు, సగం మూతితో.

జెముడుకాకి మెట్టుగూడ.
పికిలిపిట్ట అఫ్జల్‌గంజ్.
పాలపిట్టకి మాత్రం ఏ స్టాపూ ఇవ్వలేదు.
దండం పెట్టబోయారు, ఒక్క చెయ్యే లేచింది.

ఆకాశం లేదు ఆ బొమ్మలో, అదీ కష్టం.
పిట్టల చుట్టూ ఉత్త కాగితం,
నూట డెబ్భై ముక్కలు ఒకటే గోధుమ రంగు.
ఆ వారాలు మేం పెద్దగా మాట్లాడుకోలేదు.
కింద ఉల్లిగడ్డల ఆటో స్పీకరు అరుస్తూ పోయేది.
అనసూయమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ ఏరుతూ
మధ్యలో వచ్చి, ఒక్క ముక్క తీసి,
సరిగ్గా దాని చోట్లో పెట్టి పోయేది
మా ఇద్దరికీ ఒళ్ళు మండేలా.

జూలైలో, వాన పడుతున్న శుక్రవారం,
లకుముకిపిట్ట పూర్తయింది, ఒక్క కన్ను తప్ప.
ఆయన వంగి చూశారు. చాలాసేపు.
పుల్లల్లా బిగుసుకున్న దాని కాళ్ళ మీద వేలు పెట్టారు,
తర్వాత ఒంటికి కట్టేసినట్టున్న రెక్క మీద.
"సచ్చింది," అన్నారు.
స్టాపు కాదు. మాట.
"ఇది... సచ్చిన పిట్ట."

నేనూ అప్పుడే చూశాను.
కాల్చి, దూది కూరి, బల్ల మీద పెట్టి గీసిన పిట్ట.
ఆ గీసినవాడు ఈకలైతే ఒక్కొక్కటే లెక్కపెట్టాడు,
అది నీళ్ళలోకి దూకడం చూసి ఉండడు.
ఈయన చూశారు. ఏ చెరువులోనో, ఏ వయసులోనో,
ఆ ఊరి పేరింకా బయటికి రాలేదు.
ఎడమచేతిని కుర్చీ పిడి మీద కూర్చోబెట్టి,
మణికట్టు రెండుసార్లు ఎగరేసి,
సూటిగా దింపారు, నా టీ గ్లాసులోకి.

గుడ్డ తెస్తానని లోపలికెళ్ళిన అనసూయమ్మ
చాలాసేపటిగ్గాని రాలేదు.

కన్ను ఉండాల్సిన చోట ఇంకా చెక్క కనిపిస్తోంది.
బీరువాలోని పాత టికెట్ల కట్టలోంచి
గులాబీ రంగుదొకటి కత్తిరించబోతే
నా చెయ్యి పట్టేసుకున్నారు. "కోఠి! కోఠి!"
అమ్ముడుపోని టికెట్టు చింపకూడదు కాబోలు.
వదిలేశాం, ఏడు కంతలూ అలాగే.

గడప దగ్గర చెప్పులేసుకుంటుంటే
వెనక క్యారమ్ బోర్డు మీద రెండు దెబ్బలు,
బస్సు కదలమని రేకు మీద కొట్టే దెబ్బలు.
ముక్కలు ఎగిరిపడి మళ్ళీ సర్దుకున్న చప్పుడు.
"రైట్," అన్నారు.
మెట్లు దిగాను.