పదిహేడో నంబరు

సోమవారం పొద్దున్నే
నోటీసు బోర్డు తుడిచేది నేనే.
తడిగుడ్డకి పోయిన వారం విజయాలన్నీ వచ్చేస్తాయి,
చేతికి కాసేపు తెల్లగా అంటుకుని ఉంటాయి.

ట్రాక్ మీద గీతలు గీసేదీ నేనే.
ఎనిమిది వరసలు. వానొస్తే మళ్ళీ ఎనిమిది.
రామచంద్రపురం కాలవగట్టు పక్కన
మా చలనశాస్త్ర విభాగాన్ని ఒండ్రుమట్టి మీద కట్టారు,
ఓ మూల ఏడాదికి వేలెడు దిగుతోంది.
"నూకరాజూ, మన బిల్డింగు కూడా కదుల్తోందయ్యా,
సబ్జెక్టుకి తగ్గట్టే" అంటారు ప్రొఫెసర్ గారు.

ఈ వారం రాయాల్సినవి కాగితం మీద ఇచ్చారు.
ఓలేటి సింహాద్రి, జావెలిన్,
డెబ్బయ్యొక్క మీటర్ల చిల్లర, వెండి.
ఆ భుజం నాకు తెలుసు.
భైరవపాలెంలో వాళ్ళ తాత వల విసిరే భుజమది.
వల గుండ్రంగా విచ్చుకోవాలి, ఈటె తిన్నగా పోవాలి.
ఈటె నేర్పడానికి కోచ్‌కి రెండేళ్ళు పట్టింది,
వలని మరవడానికి వాడి మణికట్టుకి మూడేళ్ళు.

తర్వాతి పేరు దగ్గర సుద్దముక్క విరిగింది.
పెనుమాల సువార్త, ఇరవై కిలోమీటర్ల నడక, బంగారం.

నడక పందెంలో
ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉండాలి,
రెండూ లేచాయా, కార్డు చూపిస్తారు.
మొదటి ఏడు రెండుసార్లు బయటికి పంపేస్తే
ఈ పిల్ల గట్టెక్కి బూట్లు కాలవలోకి గిరాటేసింది.
గుర్రపుడెక్కలో చిక్కుకుంటే
వెదురుగెడతో నేనే లాగాను.
"నేలని వదలకపోడం
మా ఇంట్లో ఎవరికీ కొత్త కాదు బాబాయ్" అంది.
నవ్వలేదు.

దాని కింద పరిశోధన.
ఇందుమౌళి మేడమ్ పేపరు ఏదో పెద్ద పత్రికలో వేశారట.
దాని పేరు మా బోర్డుకి పట్టదు:
ఊడ్పుల్లో ఆడవాళ్ళు బురదలో వెనక్కి నడిచే తీరు,
నడుము వంపు, మోకాలి మీద బరువు, ఇంకా ఏదో.

ఆ పని నేను చూశాను.
ఆషాఢం చివర్న, వెల్ల దాటాక, పొలాల్లో.
వెదుళ్ళకి కెమెరాలు కట్టి,
నడుముల మీద అగ్గిపెట్టెలంత యంత్రాలు అంటిస్తే
చెమటకి ఊరికే ఊడిపోయేవి.
నేను గట్టు మీద ప్లాస్టరు చింపి ఇస్తూ ఉండేవాణ్ణి.
మా పిల్లలంతా ముందుకి నడిచి గెలుస్తారు.
వీళ్ళు వెనక్కి నడిచినంత మేరా పచ్చబడుతోంది.
జలగ పట్టినా ఒకరూ ఆగలేదు,
పీకి గట్టు మీద పడేసి మళ్ళీ వంగారు.

సాయంత్రం లెక్క తేల్చారు.
పదిహేడో నంబరు మనిషి
రోజు మొత్తమ్మీద నిటారుగా నిలబడింది పదకొండు నిమిషాలు.
మేడమ్ ఆ అంకెని రెండుసార్లు సరిచూసుకుంది.
"ఆయ్, అంతసేపు ఎక్కడ నిలబడ్డానండీ?" అంది పదిహేడో నంబరు,
చీర అంచు పిండుకుంటూ,
కూలి కోసేస్తారేమో అన్నట్టు.

పేపర్లో పేర్లుండవు. అది నియమం, మంచి నియమమే.
పదిహేడంటే మార్తమ్మని నాకు తెలుసు.
సువార్త వాళ్ళమ్మని మేడమ్‌కీ తెలుసు.
ఇద్దరం నోరెత్తం.

అందుకని ఏం చేశానంటే,
పరిశోధన వరస చివర్న,
ఎవరికీ అర్థం కాకుండా,
ఒంటరిగా ఓ పదిహేడు వేశాను.
పేజీ నంబరనుకున్నారు అందరూ.

మధ్యాహ్నం వచ్చింది మార్తమ్మ, కూతురి పేరు చూడ్డానికి.
అక్షరాలు రావు, అంకెలొచ్చు.
పిల్ల పేరు ఎక్కడుందో నేను చూపించాను.
పదిహేడు తనే చూసుకుంది.
ఓ చెయ్యి నడుం మీద వేసుకుని,
మెడ ఎత్తి,
అలాగే నిలబడింది.
జేబులో స్టాప్‌వాచీ ఉంది నాకు.
బొటనవేలు దాకా వెళ్ళి, ఆగాను.

"ఆ బంగారం ఎన్ని కాసులుంటదండీ?" అనడిగింది చివరికి.
పూత మాత్రమేనని చెప్పలేక
బడ్డీకొట్టులో టీ ఇప్పించాను.

మూడింటికి వానొచ్చింది.
ఎనిమిది గీతలూ పోయాయి.