చెక్కుబందీ

"చౌహద్ది చెప్పండి" అన్నాడు దస్తావేజు లేఖరి
కలం విదిలించి.
మా నాయన చెక్కుబందీ అనేవాడు.
పేరేదైనా దిక్కులు నాలుగే గనక
అమ్మే ఆయన వైపు చూశాను.
ఆయన ఫోను వైపు చూస్తున్నాడు.

సరే, నేనే మొదలుపెట్టాను.

తూర్పున సాహుల ఖాళీ జాగా.
ఖాళీ అన్న మాట వాళ్లది.
నేనెరిగి అందులో మూడు జిల్లేడు పొదలు,
పిల్లల్ని పెట్టిన ముంగిస,
మొన్నటి ఠాకురాణి జాతరలో ఎవడో విప్పి పారేసిన
పులివేషం తోక.
శ్రావణంలో మోకాటి లోతు నీళ్లు,
తెల్లారేదాకా కప్పల తగవు.

పడమర ఇరవై అడుగుల రోడ్డు.
కాగితం మీద ఇరవై.
మహాపాత్రో గారి మెట్లు పోగా, టేపు పెట్టి చూశాను,
పద్నాలుగున్నర.
ఆ పద్నాలుగున్నరలోనే ఒకనాటి పొద్దున్న
కూరల బండీ, బడి వ్యానూ, ఒక పాడే
ఒకదానికొకటి తప్పుకుని వెళ్లాయి.
ఎవరూ హారన్ కొట్టలేదు.

"బజారు ఐదు నిమిషాలు, పెద్దాసుపత్రి పది,
గోపాల్‌పూర్ సముద్రం అరగంట."
తొమ్మిదేళ్ల కిందట ఇల్లు అద్దెకు చూపిస్తూ
బ్రోకరు చెప్పిన లెక్క.
ఆ నిమిషాలు అతని మోటారుసైకిలువి.
నెత్తిన అప్పడాల బుట్టతో నావి వేరు.
బజారు, రెండు చోట్ల దించుకునేంత దూరం.
ఆసుపత్రి, కొర్లయ్యకి ఆయాసం ముదిరిన రాత్రి,
ఎంతకీ రానంత దూరం.
సముద్రం మాత్రం దానంతటదే వస్తుంది,
కిటికీ ఊచల మీద తుప్పుగా.

వీధి దీపం ఉంది, రాసుకోండి అన్నాను.
స్తంభం తుఫాను నాటి నుంచీ ఒరిగే ఉంది,
వెలుగు మా గుమ్మం మీద కాక
సాహుల జిల్లేళ్ల మీద పడుతుంది.
ముంగిస సంగతి అలాగే తెలిసింది.
"అవన్నీ అక్కర్లేదు" అన్నాడు.

ఉత్తరం రైలు కట్ట.
గూడ్సు పోతే గూట్లో గ్లాసులు మాట్లాడతాయి.
కొత్తలో ఉలిక్కిపడి లేచేదాన్ని.
ఇప్పుడు బండి ఆలస్యమైతే మెలకువ వస్తుంది.

"దక్షిణం?"

దక్షిణం సుకాంతి పండా ఇల్లు.
మధ్య గోడ తుఫానుకి పడింది.
పదకొండు రోజులు కరెంటు లేదు,
పడిన ఇటుకల మీంచే వాళ్ల చేతిపంపుకి దారి పడింది.
తరవాత ఆ ఇటుకలు కొన్ని ఆమె పొయ్యికి,
కొన్ని నా అప్పడాల బల్ల కాళ్ల కిందికి పోయాయి.
ఆమెకి తెలుగు రాదు. నా ఒడియాకి ఆమె నవ్వుతుంది.
నాకు చద్దన్నం, ఆమెకి పొఖాళొ,
రెండింటికీ నంజుకి నా అప్పడమే.

"గోడ ఎవరిది?"
"గోడ లేదు."
"హద్దన్నాక ఉండాలి కదమ్మా."
అప్పుడు తలెత్తాడు దాశ్ బాబు:
"గోడ లేదా?"

తొమ్మిదేళ్లు అద్దె పుచ్చుకున్న ఇంట్లో
ఆయన ఒక్క రాత్రి పడుకోలేదు.

లేఖరి ఒడియాలో ఏదో రాశాడు.
నేను కూడబలుక్కునేలోపు పేజీ తిప్పేశాడు.
తెలుగులో సంతకం పెట్టాను.
చాలదని వేలిముద్ర కూడా వేయించుకున్నారు.

బయటికొచ్చాక దాశ్ బాబు
జేబు రుమాల్లోంచి తాళంచెవి తీసి,
పిల్లనప్పగించినంత భారంగా
నా చేతిలో పెట్టాడు.
ఆ తాళం పాడైపోతే ఆరేళ్ల కిందటే మార్చేశాను.
చెప్పలేదు.
కొంగున ముడేసుకుని,
నాలుగింటికి కుళాయి వస్తుందని
గబగబా నడిచాను.