తట్టకి అణా

గరివిడి రోడ్డులో మా షెడ్డుకి
సప్పుడు నేకుండా వచ్చినాదొక హైబ్రిడ్ కారు.
"పొగే రాదు, తెలుసా" అన్నారు డాక్టరుగారు.
సగం నిజం.

ఎనక సీటు ఎత్తితే బ్యాటరీ,
మా అప్పలకొండ మామ్మ ట్రంకుపెట్టంత.
అందులో మాంగనీసు కూడా ఉంటాదంట.
అదా!
తట్టకి అణా సొప్పున గనిలో మోసి
సచ్చేదాకా నల్లగానే ఉమ్మినాది ముసిల్ది.
ఆకరి నీళ్ళు పోసినప్పుడు కూడా
గోళ్ళ సందులు తెల్లబడనేదు.

"ఇది సస్తే ఎటు పంపాలి బాబూ?"
కంపెనీ చూసుకుంటుందన్నారు.
కంపెనీ అన్న మాట
మా ఊరి గోతులకి పాతదే.
వాననీళ్ళు నిండి అలగే ఉన్నాయి,
గేదెలు కూడా దిగవు.

బిల్లు రాసిచ్చినాను.
కారు కదిలితే ఇంత సప్పుడైనా నేదు.
జీడిపళ్ళ గంపతో ఎదురొచ్చిన గుంట
హారన్ కొడితే గానీ
తప్పుకోనేదు.