కూత పడ్డ పాట

సెకండ్ షో. హనుమకొండల
ఏసీ పని చెయ్యని హాలు. ముప్పై మందిమి ఉన్నమో లేదో.
తెర మీద నలుగురు పోరగాళ్లు, ఒక బ్యాండు, అద్దెకు తెచ్చిన వ్యాను.
"ఇప్పుడు వాన పడ్తది" అన్నడు ఓదెలు.
పడ్డది.
"ఇగ వీళ్ల పాట రేడియోల వస్తది, అందరు రోడ్డు మీద ఉరుకుతరు."
ఉరికిన్రు.
ముందు సీటాయన వెనక్కి తిరిగి
కథ చెప్పుడు ఆపుమన్నడు, కాళ్ల దరువు గూడ ఆపుమన్నడు.
దరువు సంగతి ఓదెలుకు తెల్వదు పాపం.
చేతులు ములుగు రోడ్డుల పంచర్లేస్తయి,
కాళ్లు మాత్రం ఇంకా డ్రమ్ముల కాడనే ఉన్నయి.

మేము గూడ నలుగురం, స్వరూపతోని అయిదుగురం.
కాజీపేట రైల్వే క్వార్టర్ల సైలసు వాళ్ల ముందటర్ర,
గోడలకు గోనెసంచులు, తలుపుకు బొంత.
రెండు బండ్ల నడుమ దొరికిన సందుల పాడాలె.
తొమ్మిదోసారి స్వరూప గొంతు కుదిరింది,
చరణం మీదికి గూడ్సు బండి కూతేసుకుంట వచ్చింది.
మళ్ల తీద్దామంటె మిషను కిరాయికి పైసల్లేవు.
కూతతోనే క్యాసెట్టు చేసినం.

ఆ కూతకే పేరొచ్చింది.
దసరా నుంచి హోలీ దాకా
పరకాల, నర్సంపేట, జమ్మికుంట, ఏ ఆటో ఎక్కినా మేమే.
ఎనుమాముల యార్డుల మిర్చి బస్తాల మీద కూసున్న హమాలీలు
చరణం రాంగనే నోటితోని కూతేసేటోళ్లు, తుమ్ముకుంట.
పెండ్లి పందిట్ల రైలుండదు గద,
యాకూబు బేసు గిటారు పక్కకు వెట్టి
రెండు చేతులు నోటికి అడ్డం వెట్టుకునేటోడు.
వన్స్ మోర్‌లు స్వరూపకు గావు, కూతకు.
ఆమె నవ్వేది. లోపల ఏమనుకున్నదో నేనడుగలె.

ఇంటర్వెల్ అయినంక తెర మీద లొల్లి మొదలైంది.
పాడేటోడు ఒంటరిగ పోతడు, ఒకడు తాగుతడు,
పైసల కాడ కాలర్లు వట్టుకుంటరు. అన్ని ఓదెలు చెప్పినట్టే.
మా కాడ ఎవ్వరం కొట్టుకోలె.
హైదరాబాదుల పెద్ద స్టూడియో. ఒకదెన్క ఒకటి రెండు తలుపులు.
అవి మూస్తె ఎవని ఊపిరి వానికే ఇనవడేది.
రెండో క్యాసెట్టు మస్తు శుభ్రంగ వచ్చింది.
ఎవ్వరు కొనలె.

మిగిలిన డబ్బాలు సైలసు హసన్‌పర్తి కాడి మక్కచేనుకు తీస్కపోయి
రీళ్లు విప్పి, కట్టె నుంచి కట్టెకు లాగి కట్టిండు.
గాలొస్తె జుమ్మనేది.
ఒక్క పిట్ట వాలలే ఆ యేడు.

ఆఖరికి సినిమాల అందరు మళ్ల కలిసిన్రు.
తెల్లవడ్డ జుట్లు, అదే స్టేజీ, అదే పాట.
ఇది గూడ ముందే చెప్పిండు ఓదెలు,
చెప్పి కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.
అంత దుమ్మేమి లేకుండె.

బయట బండి స్టార్టు గాలె.
రెండు కిక్కులు, మూడు కిక్కులు.
కాజీపేట దిక్కు నుంచి కూత.
ఎత్తిన కాలు అట్లనే ఆపి
చరణం అందుకునేటంత సేపు లెక్కవెట్టిండు వేళ్ల మీద.
నేను అందుకోలె. అక్కడ కీబోర్డుకు పని లేదు.

"ఎట్లున్నదిరా సిన్మ?"
"ఏమున్నది. అంత తెలిసిందే."
నాలుగో కిక్కుకు లేసింది బండి.
"రేపు మ్యాట్నీకి వస్తవా?"