ముప్పై అయిదు గ్రాములు

కోవూరు బస్సు దిగి
పెన్న గాలి ఇంకా కొంగులో ఉండగానే
చౌరమ్మ వచ్చింది మా ఆచారి వీధికి.
అంగట్లో ఎవరూ లేరని రెండుసార్లు చూసుకొని
టిఫిను డబ్బా మూత తీసింది.
లోపల నీలం మఖమలు పెట్టె.

"కరిగించు సామీ. మనవరాలికి పట్టీలు కావాల.
మువ్వలు తక్కువేస్తే మాత్రం ఊరుకోను."

ఒక పక్క సింహాలు, కింద నూరు అంకె.
రెండో పక్క ముసుగేసుకున్న కన్నె.
కళ్ళు దించుకోలేదు, ఎత్తుకోలేదు.
జ్వరం చూసే నర్సు వచ్చేదాకా
ఓపిగ్గా కూర్చున్న మనిషి చూపు.

"అల్ఫోన్సమ్మ" అంది.
"మలయాళం సిస్టర్లు ఇచ్చినారు.
ముప్పై ఒక్క ఏళ్ళు మిషనాసుపత్రిలో నేల తుడిస్తే
చివరి రోజు కేకు కోసి, ఇది చేతిలో పెట్టి
చప్పట్లు కొట్టినారు.
పింఛనీ సంగతి అడగబోయేలోపల
ఫోటో అయిపొయ్యింది."

త్రాసు ముప్పై అయిదు గ్రాములంది.
అంచుకి ఆకురాయి ఒక్కసారి తాకించి
ఆసిడ్ చుక్క వేశాను.
పచ్చగా పొంగింది.
ఇట్టాంటి కబురు మా నాయనైతే
ఎదుటి మనిషి మొహం చూడకుండా చెప్పేవాడు.
నేను చూసి చెప్పాను:
సగమే వెండి చౌరమ్మా,
మిగతాది రాగి, ఇంకేవో చిల్లర లోహాలు.

ఆమె ఉలిక్కిపడలేదు.
"ఆసుపత్రిలో చూడలేదా సామీ,
అంత తెల్లంగా ఎవురుండారు?"

మూస కడిగాను. వెలిగారం తీశాను.
కుంపట్లో కోవూరు మిల్లు ఊక, పైన బొగ్గు.
గొట్టంతో ఊదితే ఎర్రగా కన్ను తెరిచింది.
ఆ ఎరుపు చూస్తూ
ఊరికే, పొద్దుపోవడానికి, మొదలుపెట్టింది:

"ఈయమ్మకి పెళ్ళి చేస్తామని ఇంట్లో పట్టుబట్టినారంట.
వొద్దనే నోరు లేక
ఊక కాలే గుంటలో కాలు పెట్టిందంట, చిన్నపిల్ల.
తోలు ఊడొచ్చిందంట.
మా వార్డుకి కాలినోళ్ళు వస్తే
పాత పంచెలు చింపిచ్చేది నేనే గదా,
ఆ వాసన ముక్కులోంచి పోదు.
సరే కానీ సామీ, బస్సు టయమయింది."

పట్టకారు చేతిలోనే ఉంది.
ఊక కాలుతోంది.

నలభై రెండేళ్ళుగా ఎందరు లక్ష్మీదేవుల్ని
ఈ కుంపట్లో దించానో లెక్క లేదు.
తాళిబొట్లు, ఉగ్గుగిన్నెలు,
పోయినోళ్ళ మొలతాళ్ళు.
నిప్పుకి మొహాలు గుర్తుండవురా అనేవాడు నాయన.
ఈమె నాకు ఏమవుతుంది? మా దేవుడి గూట్లో మనిషి కూడా కాదు.
అయినా పట్టకారు కిందికి దిగదే.

"మూస పగిలింది" అన్నాను.
చౌరమ్మ పగలని మూసని చూసింది.
నన్ను చూసింది.
డబ్బా మూత పెట్టుకుంది.

పట్టీలు నా వెండితో చేశాను.
మువ్వలు ఆమె లెక్కబెట్టుకుంది, రెండు కాళ్ళవీ.
నాణెం తాకట్టు. నెలకి నూరు.
"దాని మీదా నూరే రాసుండాది గదా" అంటుంది
ప్రతి నెలా నోటు మడత విప్పుతూ,
"ఇస్తే కండక్టరు తీసుకుంటాడా?"
అప్పుడు నేను సొరుగు లాగి పెట్టె తెరవాలి.
బొటనవేలితో ముసుగు మీద ఒకసారి రాసి
తనే మూసేస్తుంది.

బాకీ ఇంకా పదిహేడు నెలలుంది.

నేను ఆకురాయి తాకించిన చోటు
ఒక రాత్రి అంగడి మూశాక నునుపు చేశాను,
దీపం దగ్గరికి లాక్కొని, వేలికి తగలకుండా.
తగిలింది.
"ఇక్కడేంది సామీ, గీరుకున్నట్టుండాది?"

నేనే, అన్నాను.