నలభై ఒక్క శాతం

మొదట వెలుగు తగ్గించాను.
అక్షరాలు చీమల బారులా మిగిలాయి.
బ్లూటూత్ తీసేశాను. వైఫై తీసేశాను.
టవరే కొబ్బరితోటలో అడ్డంగా పడి ఉంటే
ఇది ఎవరి కోసం వెతుకుతోందో పిచ్చిది,
నిమిష నిమిషానికీ.
మౌస్ పీకేశాను.
దాని పొట్టలో ఎర్రదీపం కూడా
నా జీడిచెట్ల లెక్కలోంచే తాగుతోంది.

గాలివాన పోయి మూడో రోజు.
వజ్రపుకొత్తూరు దాటాక మా సచివాలయం,
పైన రేకుల్లేవు, టార్పాలిన్ ఉంది.
కరెంటు పది రోజులన్నారు.
జాబితా రేపు పదింటికి పలాస చేరాలన్నారు.
పేరు, సర్వే నంబరు,
పడ్డ జీడి, పడ్డ కొబ్బరి, పడ్డ పనస.
బయట నూట పన్నెండు మంది.
లోపల నలభై ఒక్క శాతం.

ట్రైనింగులో నాలుగు రోజులు
ప్రొజెక్టర్ ముందు కూర్చోబెట్టారు గానీ
బ్యాటరీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు.
వేళ్లే కనిపెట్టుకున్నాయి:
ముందు పదిమందిని కాగితం మీద రాసుకోవడం,
అప్పుడు తెరిచి గబగబా కొట్టి, సేవ్ చేసి, మూసెయ్యడం.
ఫ్యాను గురగురమంటే
కింద రెండు ఇటుకలు పెట్టి గాలాడనివ్వడం.
వేడి కూడా ఖర్చే.
పూర్తిగా ఆపకూడదు,
మళ్లీ లేచేటప్పుడే పెద్ద ముద్ద మింగేస్తుంది.
మూత దించితే చాలు.
పక్కన చిన్న దీపం
వెలుగుతూ, ఆరుతూ, వెలుగుతూ.

వరసలో ముందున్న బైపల్లి దాలమ్మ
ఆ దీపాన్నే చూస్తోంది.
"సచ్చిపోనాదేటమ్మా?"
లేదు మామ్మా, పడుకుంది.
"ఓలమ్మ! బూడిద కప్పీసినావన్నమాట."

అగ్గిపెట్టె కొనలేని రోజుల్లో
రాత్రి పొయ్యిలో ఒక్క నిప్పు దాచేదట.
"పల్చగా కప్పితే తెల్లారేసరికి తనని తనే తినీసుకుంటాది.
మందంగా కప్పితే ఊపిరాడక సస్తాది.
సేతికి తెలవాల. నోటితో సెప్తే తెలవదు."

ఎన్ని జీడి, మామ్మా?
ఇరవై ఏడు అని ఊరుకోవాలి కదా.
"గెడ్డ వారనున్నది పుల్లపండుది.
దాని పక్కది మా ముసిలోడు
సొరబుర్రతో నీల్లు మోసి బతికించినాడు.
మూడోది, పిడుగు పడ్డా సావనేదు, అలాటిది..."

తెర వెలుగుతూనే ఉంది.
ముప్పై మూడు.
ముప్పై రెండు.
రిమార్కుల గడిలో యాభై అక్షరాలు పడతాయి.
మూత దించాను.

ఆమె నోరు కూడా ఆగింది.
"నా మాటలకి అయిపోతన్నాదేటి?"
అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు.
"సరేలే. ఇరవై ఏడు. రాసుకో."
పక్కకి జరిగి, వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది:
"లెక్క సెప్పండర్రా, కత సెప్పకండి!"

ఆ కిటుకు నేను కనిపెట్టింది కాదు.
దాని తర్వాత వరస పరిగెత్తింది.
నీలాచలం, పద్నాలుగు.
తవిటమ్మ, తొమ్మిది. పనస రెండు.
కూర్మావతి, ఒకటి.
ఒకటేనా? అన్నాను.
తలూపింది. వెళ్లిపోయింది.
ఇంత బ్యాటరీ
ఏ సెట్టింగూ మిగల్చలేదు నాకు.

చీకటి పడ్డాక, ఆరు శాతం దగ్గర
నూట పన్నెండో పేరు.
పెన్‌డ్రైవ్ గుచ్చాను, దింపాను, పీకి కొంగున ముడేశాను.
నాలుగు మిగిలింది.

గుమ్మంలో దాలమ్మ ఇంకా కూర్చునే ఉంది.
దారిలో చెట్లు పడి ఉన్నాయి, మనవడు రావాలి.
నేను వెలుగు మొత్తం పెంచేశాను.
టార్పాలిన్ నీలంగా మెరిసింది,
ఎక్కడినుంచో పురుగులు వచ్చాయి.
మామ్మా, ఆ మూడోది,
పిడుగు పడ్డా చావనిది, దాని సంగతేంటి?

"మూడోదా?" అని ఆలోచించి
మళ్లీ మొదటి చెట్టు దగ్గర్నుంచి మొదలెట్టింది.
పదకొండో చెట్టుకి తెర నల్లబడింది.
ఆమె చూసుకోలేదు.
పన్నెండోది, ఉప్పుగాలికి
పడమటికి వంగి పెరిగిందట.